కత్తి ఎవరి చేతుల మీదుగా

“ఈ పేజీ నువ్వు గీసినవా, లేదా? గదొక్కటి చెప్పు.”

నవీన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ప్రజ్ఞకు కాస్త నయంగా ఉండేది.

బల్ల మీద నూట పన్నెండు పేజీలు పేర్చి ఉన్నాయి. మూడేళ్ల పని. కథ నవీనది, బొమ్మలు ప్రజ్ఞవి. ఆ దొంతర అడుగున, అట్టల మధ్య దాచిన నూట పదమూడో పేజీ ఇప్పుడు నవీన చేతిలో ఉంది.

“నేనే గీసిన,” అంది ప్రజ్ఞ.

“ఎప్పుడు?”

“మొన్న. తాత అడిగిండు.”

“మరి నాకెందుకు చెప్పలే?”

ప్రజ్ఞ దగ్గర జవాబు లేక కాదు. చెబితే నువ్వు ఒప్పుకోవని తెలుసు కాబట్టి చెప్పలేదు. మూడేళ్లు పక్కపక్కన కూర్చుని పనిచేసిన మనిషితో ఆ మాట అనాలంటే నోరు రావాలి కదా.

పేజీలో ముసలి ఉక్కుదొర తెల్లగుర్రం దిగి నేతగాని ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. మీసం పాతదే, ఆ మెలి కూడా పాతదే. భూలక్ష్మి అనే పిల్ల వంగి ఆయన కాళ్లకు మొక్కి, రెండు చేతులూ చాపి ఆయన కత్తి అందుకుంటోంది. బొమ్మ చక్కగా కుదిరింది. ప్రజ్ఞ చేతిలోంచి అంత మంచి బొమ్మ ఈ మధ్య రాలేదు. సిగ్గుపడాల్సిన పని అంత అందంగా ఎలా చేశానా అని ఆమెకే ఒళ్లు మండింది.

ఈ జిల్లాల్లో యాభై దాటినవాళ్లకు ఉక్కుదొర ఎవరో చెప్పనక్కర్లేదు. చిన్నవాళ్ల కోసం చెబుతున్నాను. ప్రజ్ఞ తాత శ్యాంసుందర్‌రావు పెద్దపల్లి పక్క భూములున్న ఇంట్లో పుట్టి, కరీంనగర్‌లో ప్రెస్సు పెట్టి, నెలకొక బొమ్మల పుస్తకం వేసేవాడు. అందులో దొర కొండ మీంచి దూకి ఊరిని కాపాడతాడు. ఆయన వెంట తిరిగే నేతగాడు సాంబడు తన మగ్గం గుంటలో తనే పడతాడు. ప్రతి పుస్తకంలోనూ పడతాడు. గుర్రాల ఖాసిం ప్రతి పుస్తకంలోనూ శత్రువుకు గుట్టు చెబుతాడు. అడవి మనుషులు ప్రతి పుస్తకంలోనూ ఎవరినో ఒకరిని వండుకోవడానికి పొయ్యి రాజేస్తారు. పిల్లలు నవ్వారు, పెద్దలు కొన్నారు, పదిహేనేళ్లు నడిచింది.

ప్రజ్ఞ, నవీన కలిసి దాన్ని తిరగరాశారు. కొత్త పుస్తకంలో వీరురాలు సాంబడి మనవరాలు భూలక్ష్మి. నల్లగా, పొట్టిగా, కళ్లద్దాలతో ఉంటుంది. ఉక్కును పోగులుగా తీసి వల నేసి విసురుతుంది. ఖాసిం మనవడు ఆమెకు దోస్తు. ఉట్నూరు అడవుల్లో పుట్టిన గోండు పిల్ల వాళ్లిద్దరికీ బుద్ధి చెబుతుంది.

“ఇంకా తెగలేదా మీ పంచాయితీ?”

శ్యాంసుందర్‌రావు లోపలికి వచ్చాడు. ఎనభై ఒకటి నిండినా నడుం వంగలేదు. కుర్చీ ఎవరు జరుపుతారా అని ఒక్క క్షణం ఆగాడు. ప్రజ్ఞ జరిపింది.

“సార్, గీ పేజీ పుస్తకంల ఉండది,” అంది నవీన.

“ఎందుకుండది?”

“భూలక్ష్మికి కత్తి అక్కర్లే. ఆమెకు పోగుంది.”

“అక్కర్లేకుంటే పుస్తకం మీద ఉక్కుదొర పేరెందుకు వెట్టిన్రు? నా దొర పేరు జూసే గదా భానుప్రసాద్ అచ్చేస్తనన్నది? సిరిసిల్ల పోరి ఒకతి వల ఇసురుతది అని చెప్తే వాడు మీ ఫోనెత్తుతుండెనా?”

మాట కటువుగా ఉన్నా అబద్ధం కాదు. హైదరాబాదులో తొమ్మిది మంది ప్రచురణకర్తలు ఫోను ఎత్తలేదు. ఉక్కుదొర పేరు చెప్పాకే పదో మనిషి భానుప్రసాద్ ఎత్తాడు.

“నల్లపిల్లను వెడితిరి. వద్దన్ననా? కళ్లద్దాలు వెడితిరి. వద్దన్ననా? ఖాసింను మంచోణ్ణి చేస్తిరి, సరే అన్న. ఒక్కటంటే ఒక్క పేజీ అడిగిన. కత్తి ఊరికె రాదు బిడ్డా, ఒకరి చేతుల మీదుగ రావాలె. దొర ఇయ్యాలె, గా పిల్ల మొక్కి తీసుకోవాలె. గంతే. గది ఉంటె నా దొర హక్కులిచ్చి సంతకం వెడ్త. లేకుంటె లే.”

“తాతా, జర ఆలోచించు...”

“నువ్వు ఆలోచించే గీసినవు గదనే.”

తాత తిట్టినా ప్రజ్ఞ ఓర్చుకునేది. తనను మెచ్చుకుంటున్నట్టు చూస్తున్నాడు, అది ఓర్చుకోలేకపోయింది.

నవీన సంచి భుజానికి తగిలించుకుంది. “అయితే నా కథ నాకియ్యి ప్రజ్ఞా. నీ బొమ్మలు నువ్వుంచుకో.”

“నవీ, ఆగు. పొద్దుమీకినంక భానుప్రసాద్ ఆగడు. రేపు అచ్చుకు పోకుంటె పుస్తకాల ప్రదర్శనకు అందది. మూడేండ్లు పోతయి.”

“మూడేండ్లు నీయొక్కదానియేనా?”

అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. భానుప్రసాదే. ప్రజ్ఞ అందరికీ వినబడేలా పెట్టింది.

“సార్, నమస్తే. సిద్దిపేట దాటిన, పన్నెండు వరకు మీ ఇంట్ల ఉంట. ఒక చిన్న సంగతి. మీరు పంపిన హక్కుల కాయితం మా లాయర్ చదివిండు. అండ్ల మీ పేరు లేదు సార్.”

“నా పేరు లేకపోవుడేంది?”

“ఓనరు కాడ జానకీబాయి అని ఉంది. సంతకం మేడమ్ పెట్టాలె.”

శ్యాంసుందర్‌రావు ముఖంలో ముందు కోపం, తర్వాత జ్ఞాపకం, ఆ తర్వాత కొంచెం సిగ్గు కనబడ్డాయి.

సంగతి ఇదీ. డెబ్బై అయిదులో సీలింగ్ చట్టం వచ్చి భూములు పోతాయన్న భయంలో ఆయన దొరికినదల్లా దొరికినవాళ్ల పేరున రాసేశాడు. తరి పొలం తమ్ముడికి, చెలక బామ్మర్దికి, మామిడితోట పుట్టబోయే కొడుక్కి. ఆ ఊపులో ప్రెస్సునూ, ప్రెస్సుతో పాటు ఉక్కుదొరనూ సాంబణ్ణీ గుర్రాన్నీ కలిపి భార్య పేరున రిజిస్ట్రీ చేయించాడు. బొమ్మల పుస్తకానికి సీలింగు వర్తించదని చెప్పేవాళ్లు అప్పుడు లేరా అంటే ఉన్నారు. వినే ఓపిక ఈయనకే లేదు. మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే కదా.

“దానికింత పరేషానెందుకు?” అన్నాడు తేరుకుని. “జానకీ! కండ్లద్దాలు వెట్టుకొని రా. సంతకముంది.”

జానకీబాయి కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర అంచున పుట్టిన మనిషి. ఈ ఇంటికి వచ్చి యాభై ఆరేళ్లయినా ఇంకా ‘ఆయి’ అనే తలుచుకుంటుంది తల్లిని. కాగితం ముందుకు వస్తే ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే, ‘ఎక్కడ?’ అని. ఆయన వేలు పెట్టి చూపిస్తాడు, ఆమె పెడుతుంది. భూములు అట్లాగే వచ్చాయి, అట్లాగే పోయాయి.

ఈసారి ఆమె కాగితం తీసుకుని, తిప్పి చూసి, “దేని మీద?” అంది.

శ్యాంసుందర్‌రావు వేలు గాలిలోనే ఆగింది. “దేని మీదేంది? సంతకం. గీ బొమ్మల పుస్తకం హక్కులయి.”

“బొమ్మలు నా పేరు మీదున్నయా?”

“పేరుకు.”

“పేరుకే అయినా నాయే గద. చదివి పెడ్త.”

“నువ్వు చదువుతవా? నూటపదమూడు పేజీలు!”

“ఇంట్ల పనేముంది నాకు? పప్పు ఉడికింది.” ఆమె నూట పదమూడు పేజీల దొంతరను చంకన పెట్టుకుంది. బీరువాలోంచి పాత ఉక్కుదొర పుస్తకాల కట్ట కూడా తీయించుకుంది. లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

నవీన సంచి భుజాన ఉంచుకునే మెట్ల మీద కూర్చుంది. వెళ్లనూ లేదు, లోపలికి రానూ లేదు. ప్రజ్ఞ రెండుసార్లు మంచినీళ్లు తెచ్చింది. రెండుసార్లూ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. హాల్లో శ్యాంసుందర్‌రావు ఒకే పత్రికను మూడుసార్లు చదివాడు.

గంటన్నర తర్వాత లోపలి నుంచి పిలుపు వచ్చింది.

“సిరిసిల్ల పిల్లా, జర ఇటు రా. ప్రజ్ఞా, నువ్వు గూడ.”

మంచమంతా పుస్తకాలు. జానకీబాయి కళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకుంది.

“మీ బాపు ఏం జేస్తడే?”

“మరమగ్గాలు నడుపుతడమ్మా. రామచంద్రం ఆయన పేరు.”

“నువ్వు గీ కథ రాస్తున్నవని ఎరుకేనా ఆయనకు?”

“ఎరుకే.”

“ఏమన్నడు?”

“ఏమనలే. మా బాపు బడిల ఉన్నప్పుడు మీ పుస్తకాలు ఊరంత నడుస్తుండెనట. నేతోళ్ల పిల్లగాడని ఆయనను సాంబడు అని పిలిచిన్రు. పంతులు గూడ హాజరుల గట్లనే పిలిచి నవ్వేటోడట. ఏడో తరగతిల బడి మానేసిండు. గందుకే మానేసిన అని ఆయన ఎన్నడు అనలే. మా మేనత్త చెప్పింది.”

ప్రజ్ఞకు ఈ సంగతి తెలియదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా నవీన చెప్పలేదు. తను అడగనూ లేదు. భూలక్ష్మి ముక్కు ఎట్లా ఉండాలో, జడ ఎంత పొడుగుండాలో అడిగింది కానీ, ఈ కథ నీకెందుకు కావాలి అని అడగలేదు. ఇప్పుడు ఏడిస్తే నవీనే తనను ఓదార్చాల్సి వస్తుందని ఏడుపు ఆపుకుంది.

“నవీ, నాతోనెందుకు చెప్పలే?”

“చెప్తే పాపమని గీస్తవు. మంచిగుందని గీయాలె గని.”

జానకీబాయి ఒక పాత పుస్తకం విప్పి వాళ్ల ముందు పెట్టింది. “గీ కిటికీల ఉన్న ఆడమనిషిని చూసిన్రా? దొరసాని. ముక్కుపుల్ల నాదే, పైట పూలు నాయే. దొర గుర్రమెక్కి పోతుంటె కిటికీల నుంచి చూస్తది. అన్ని పుస్తకాలల్ల వెతికిన, ఒక్కకాడ గూడ మాట లేదు దానికి. ఇన్నేండ్ల సంది చూస్కుంటనే ఉన్నదది.”

నవీన పెదవి కదిలింది. నవ్వో కాదో తెలియలేదు.

“మీ పుస్తకంల ఉందా అది?”

“లేదు నాయినమ్మా,” అంది ప్రజ్ఞ. “తీసేసినం.”

“మంచిపని చేసిన్రు. కూసోని కూసోని దాని నడుం పట్టుకపోయి ఉంటది.”

పన్నెండు దాటాక భానుప్రసాద్ వచ్చాడు. నెత్తి మీద చెమట, చేతిలో ఫైలు, మొహాన పెళ్లి కుదిర్చేవాడి నవ్వు. నూట పదమూడో పేజీని శ్యాంసుందర్‌రావు పంపితే ముందే ఫోనులో చూశాడట. “మంచి భావోద్వేగముంది సార్, అట్ట మీద గదే వేద్దాం,” అన్నాడు. నవీన ఆయన్ను చూసిన చూపుకు ఫైలు రెండో చేతిలోకి మారింది.

“పెట్టు జానకీ,” అన్నాడు శ్యాంసుందర్‌రావు. “గిక్కడ.”

జానకీబాయి కలం మూత తీయలేదు.

“ఒక మాట. మనింట్ల భూములు పంచినం. బావులు పంచినం. మామిడికాయలు గూడ తూకమేసి పంచినం. గీళ్లను పంచరాదా?”

“ఎవరిని?”

“మీ దొర మీరు తీసుకోండ్రి. గుర్రం, కత్తి, మీసం అన్ని మీయే. సాంబణ్ణి, వాని మనుమరాలిని గీ పిల్లకు రాసిస్త.”

భానుప్రసాద్ నవ్వు సగంలో ఆగిపోయింది. “మేడమ్, గట్ల పంచొచ్చునా అంటే... లాయర్‌ను అడగాలె.”

“అడుగు.”

ఆయన వరండాలోకి వెళ్లాడు. నాయినమ్మ ఇంత మాట అంటుందని ప్రజ్ఞ కలలో కూడా అనుకోలేదు. ఆనందం వచ్చింది, దాని వెనకే ఒక చిన్న స్వార్థం కూడా వచ్చింది.

“మరి నాకు, నాయినమ్మా?”

“నీకు చేతులున్నయి గద. ఎవరన్న అడుగుతె గీయి.”

మాట సూదిలా దిగింది. ప్రజ్ఞ బల్ల దగ్గరికి నడిచి, నూట పదమూడో పేజీని జానకీబాయి తెచ్చిపెట్టిన దొంతరలోంచి తీసి, తాత ముందు పెట్టింది.

“ఇది మీది తాతా. మీరు అడిగిన్రు, నేను గీసిన. మా పుస్తకంల నూటపన్నెండే పేజీలు.”

భానుప్రసాద్ తిరిగొచ్చి, “పంచొచ్చునట,” అన్నాడు నీరసంగా. “పుస్తకం పేరు మాత్రం మార్చాలె. దొర అనొద్దు. అమ్ముడుపోకుంటె నన్ననొద్దు.”

శ్యాంసుందర్‌రావు ఎవరి వైపూ చూడటం లేదు. ముందున్న పేజీలో భూలక్ష్మి బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, దొరను మాత్రమే చూశాడు. గుర్రం, కత్తి, ముందుకు చాచిన చెయ్యి.

“సాంబడు లేకుంటె ఉక్కుదొర ఎవరిని కాపాడుతడే?” అన్నాడు.

అది కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. ప్రజ్ఞకు తాత మీద మొదటిసారి జాలేసింది.

జానకీబాయి కలం మూత తీసింది. యాభై ఆరేళ్లలో ఎవరి వేలూ లేకుండా ఆమె పెట్టబోయే మొదటి సంతకం. ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలిగింది.

“ఇంటిపేరుతోని సహా నీ పేరు చెప్పు బిడ్డా. రాస్త.”

“వద్దమ్మా,” అంది నవీన.

కలం ఆగింది.

“ఏం వద్దు?”

“గీ కాయితం. గిట్ల వద్దు. మీ మనసు మంచిది. కాదంటలేను. గని చూడుండ్రి, మీరు ఇస్తున్నరు, నేను నిలవడి తీసుకుంటున్న. గా పేజీల ఉన్నది గిదే గదా? అండ్ల కత్తి, ఇండ్ల కాయితం.”

జానకీబాయి తెల్లబోయింది. ఆ తెల్లబోవడం చూసి ప్రజ్ఞకు నవీన మీద కోపం వచ్చింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, మొదటిసారి నోరు విప్పింది, తీసుకుంటే ఏం పోయింది? మరుక్షణం, తనూ ఆ పేజీ గీస్తున్నప్పుడు ఇదే మాట అనుకున్నానని గుర్తొచ్చింది. తీసుకుంటే ఏం పోయింది?

“మరేం జేయమంటవు?” అంది జానకీబాయి. మాటలో నొప్పి దాచుకోలేదు.

“మా బాపుతోని మాట్లాడుండ్రి. ఎదురుంగ కూసోని. గీ పుస్తకంల పేరు పెట్టే ఆయనను చూసి నవ్విన్రు. ఇస్తె గాదు, ఒప్పందం జేసుకోవాలె. ఆయనకు ఇష్టముంటె రాయించుకుంటడు. లేకుంటె సాంబడనే పేరే వద్దంటడు. గప్పుడు మేము పుస్తకం మళ్ల మొదటి నుంచి రాస్తం.”

“మొదటి నుంచా?” అన్నాడు భానుప్రసాద్.

“మొదటి నుంచే,” అంది ప్రజ్ఞ.

నవీన తల తిప్పి ఆమె వైపు చూసింది. పొద్దున్నుంచి ఇదే మొదటిసారి.

“సరే. ఫోన్ చెయ్యి మీ బాపుకు,” అన్నాడు శ్యాంసుందర్‌రావు. “కారు పంపిస్త. వచ్చి మాట్లాడమను.”

“రాడు సార్.”

“ఎందుకు రాడు?”

“ఈ ఇంటి నుంచి కబురొస్తె మా తాత వచ్చిండు, ఆయన అయ్య వచ్చిండు. మా బాపు రాడు. మాట్లాడాలనుకుంటె మీరే పోవాలె.”

“నేనా? గాయన ఇంటికా?” అన్నాడు శ్యాంసుందర్‌రావు. “ఎనభై ఏండ్లల్ల నేను పనిమీద ఒకరింటికి పోయిన్నా?”

భానుప్రసాద్ గడియారం చూసుకుని, ఆరు గంటల దాకా ఆగుతానని మెల్లగా అన్నాడు. సిరిసిల్ల గంట ప్రయాణం.

జానకీబాయి కలం మూత పెట్టి జాకెట్టులో దోపుకుంది. వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపి వచ్చింది. కాగితాలు నవీన చేతికి ఇవ్వబోయి, ఆగి, తన చంకనే పెట్టుకుంది.

“ప్రజ్ఞా, కారు తియ్యి. గా నూటపన్నెండు పేజీలు గూడ పట్టుకో. మాట్లాడేటందుకు పోతున్నం గద, ఆయన చూడాలె.”

“జానకీ!”

ఆమె గుమ్మం దాటి ఆగింది. వెనక్కి తిరగలేదు.

“వస్తె ముంగట సీట్ల కూసోండ్రి. రాకుంటె అన్నం బల్ల మీదుంది, పప్పు పొయ్యి మీదుంది.”

బయట కారు హారను మోగింది. తలుపులు పడ్డ చప్పుడు మూడుసార్లు వినబడింది. నాలుగో తలుపు తెరిచే ఉంది. కారు కదలలేదు.

శ్యాంసుందర్‌రావు లేచి నిలబడ్డాడు. గుమ్మం దాకా వెళ్లి, తన కాళ్ల వైపు చూసుకున్నాడు. బయలుదేరే ముందు చెప్పులు ఎక్కడి నుంచో వచ్చి తన ముందు ఉంటాయి. పెళ్లయినప్పటి నుంచీ ఉంటూనే ఉన్నాయి. ఎక్కడి నుంచి వస్తాయో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

ఇవాళ రాలేదు.

హారను ఇంకోసారి మోగింది. శ్యాంసుందర్‌రావు గోడ పట్టుకుని, మెల్లగా, ఎనభై ఒక్కేళ్లలో ఎన్నడూ వంగనంతగా వంగి బల్ల కింద వెతకడం మొదలుపెట్టాడు.